ట్రిమ్మర్ అర్థమయ్యేదాకా బ్లాక్ షార్క్ మన మాట వినదు: ఆరేళ్లు నడిపాక రాస్తున్నా

డీసీఎస్ అనే కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కేఏ-50 బ్లాక్ షార్క్ అనే యుద్ధ హెలికాప్టర్ కొన్న మొదటి వారం అందులో ఏదో బగ్ ఉందనే అనుకున్నాను. కుడికి తిప్పుతాను, జాయ్‌స్టిక్ వదలగానే ముక్కు మళ్లీ పాత దిక్కుకే వచ్చేస్తుంది. ఇంకా గట్టిగా తోస్తే ఊగిపోతుంది. రెండు రాత్రులు సెట్టింగులన్నీ మార్చి చూశాక మాన్యువల్ తీశాను. అది బగ్ కాదు.

అసలు కేఏ-50లో పైలట్ ఒక్కడే. నడపడం, శత్రువుని వెతకడం, కాల్చడం అన్నీ అతనే చూసుకోవాలి కాబట్టి ఆటోపైలట్ ఎప్పుడూ సాయంగా ఉంటుంది, కాకపోతే కంట్రోల్స్‌లో 20 శాతం మేరకే దానికి అధికారం. ట్రిమ్మర్ బటన్ నొక్కకుండా తిప్పామనుకోండి, దారి తప్పామనుకుని ఆ 20 శాతంతోనే వెనక్కి లాగుతుంది. బటన్ నొక్కిపట్టి, కావలసిన దిక్కుకి తిప్పి, నిలకడగా అయ్యాక వదిలితే దాన్నే కొత్త దిక్కుగా పట్టుకుంటుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. నిజం హెలికాప్టర్‌లో స్టిక్ ట్రిమ్ చేసిన చోటే ఆగుతుంది, మన జాయ్‌స్టిక్‌కేమో స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. అందుకని ట్రిమ్ చేశాక జాయ్‌స్టిక్ మధ్యకి చేరేదాకా దాని కదలికని లెక్కలోకి తీసుకోని ఒక ఆప్షన్ ఇచ్చారు. చిన్న ఆప్షనే, కానీ దీన్ని తయారుచేసినవాళ్లు మన బల్ల మీద ఏముంటుందో కూడా ఆలోచించారని నాకు అక్కడే తెలిసింది, వాళ్ల మీద గౌరవం మొదలైంది కూడా అక్కడే.

ఎగరడం గురించి. రెండు రోటర్లు ఒకదాని మీద ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, తోక రోటర్ లేదు. ఇదే సిమ్యులేటర్‌లో తోక రోటర్ ఉన్న హ్యూయీ హెలికాప్టర్ నడిపేటప్పుడు, ముక్కు పక్కకి తిరిగిపోకుండా పట్టే పెడల్స్ మీద కాళ్లు నిమిషం ఖాళీగా ఉండవు, ఇందులో ఆ బాధ తక్కువ. అలాగని ఎలా పడితే అలా నడపలేం. మంచి వేగంతో కిందికి దిగుతూ స్టిక్, పెడల్ ఒక్కసారిగా తోసేస్తే పై రెక్కలు, కింది రెక్కలు కొట్టుకుని ముక్కలవుతాయి. ముందుకు వేగం లేకుండా గబగబా దిగితే తన గాలిలో తానే కూరుకుపోతుంది, అప్పుడు కలెక్టివ్ (పైకి లేపే లివర్) లాగేకొద్దీ ఇంకా పడిపోతుంది, ముక్కు వంచి ముందుకి వేగం తెచ్చుకోవాలి. ఇది ఒంటబట్టడానికి నాకు నెలలు పట్టింది.

ఆయుధాల్లో నాకిష్టం విఖ్ర్ మిసైల్. ష్క్వాల్ అనే టీవీ కెమెరాతో ట్యాంకుని లాక్ చేసి ఏడెనిమిది కిలోమీటర్ల నుంచి వదిలితే, అది లేజర్ కిరణాన్ని పట్టుకుని వెళ్తుంది. తగిలేదాకా, అంటే దాదాపు 20 సెకన్లు, మనం కదలకుండా గురి నిలబెట్టాలి, అవతలివాడు మన మీద కాలుస్తున్నా సరే. ఆ 20 సెకన్ల టెన్షన్ నాకు వేరే ఏ గేమ్‌లోనూ రాలేదు. ష్క్వాల్ పగటి కెమెరా మాత్రమే, వేడిని చూడలేదు. రాత్రి మిషన్లు ఇష్టమైతే అదే సిమ్యులేటర్‌లో 2022లో వచ్చిన, వేడిని చూసే కెమెరా ఉన్న అపాచీ హెలికాప్టర్ కొనుక్కోండి.

2022లోనే బ్లాక్ షార్క్ 3 వచ్చింది. కాక్‌పిట్ కొత్తగా చేశారు, చాలా బాగుంది. మిసైల్ హెచ్చరిక వ్యవస్థ, ఎగిరేవాటిని కూల్చే ఇగ్లా మిసైళ్లు కూడా పెట్టారు. అవి ఉన్న కేఏ-50 నిజంగా దళంలో తిరగలేదు కాబట్టి నేను ఆ వెర్షన్ జోలికి వెళ్లను, పాతదే నడుపుతాను.

ఖర్చు సంగతి ముందే చెప్పాలి. చవక జాయ్‌స్టిక్ ఒకటి కొంటే ఏడాదికే పెడల్స్ బదులు స్టిక్‌నే మెలితిప్పే యాక్సిస్ పాడైంది, హోవర్‌లో (గాలిలో ఒకేచోట నిలిచి) ఉండగా ఉన్నట్టుండి పక్కకి తిరిగిపోయేది. కొత్తవాళ్లు ముందు విడిగా కాళ్లతో తొక్కే పెడల్స్‌కి డబ్బు దాచుకోండి, తల తిప్పితే గేమ్‌లో చూపు తిరిగే హెడ్ ట్రాకింగ్ తర్వాత చూసుకోవచ్చు. మొదటి వారం ఆయుధాలేవీ వద్దు. మిషన్ ఎడిటర్‌లో ఖాళీ ఎయిర్‌ఫీల్డ్ పెట్టుకుని, ట్రిమ్మర్ నొక్కుతూ వదులుతూ రన్‌వే చుట్టూ తిరగండి.