స్పీకరా, యాంప్లిఫయరా, డాకా: ఇంటి స్టీరియోలో ముందు ఏది మార్చడం మేలు?

విజయవాడలో మా బావగారి ఇంట్లో పద్దెనిమిదేళ్ల నాటి స్టీరియో ఒకటి ఉంది. ఛానెలుకు 40 వాట్లిచ్చే యాంప్లిఫయరు, ఐదంగుళాల వూఫరు (మంద్రస్వరాలు పలికే భాగం) ఉన్న స్పీకర్లు రెండు, ఎప్పుడో తప్ప తెరవని సీడీ ప్లేయరు, దానికి బదులుగా ఇప్పుడు పాటలన్నీ వినిపిస్తున్న ఫోను: ఇదీ సరంజామా. పోయిన వేసవిలో ఆయన దీని మీద 40,000 రూపాయలు ఖర్చు పెట్టదలచి, యాంప్లిఫయరు మార్చమంటావా, స్పీకర్లు మార్చమంటావా, లేక అందరూ చెబుతున్నట్టు డాక్ (అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయరుకు పంపదగిన విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) ఒకటి కొనమంటావా అని నన్నడిగారు. ఆయన వెళ్లివచ్చిన దుకాణంవారు ఈ మూడింటికీ తోడుగా మీటరు వేల రూపాయలు పలికే స్పీకరు వైరును కూడా చీటీలో రాసి ఇచ్చారు. ఏ వస్తువు ఎంత గొప్పదన్న దానికంటే, ఇప్పుడున్న గొలుసులో ఏ లంకె ధ్వనిని ఎక్కువగా పాడుచేస్తున్నదన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

కొనుగోలు సంగతి పక్కన పెట్టి, ముందుగా ఉన్నవాటినే పరిశీలించాము. స్పీకర్లు రెండూ టీవీ షోకేసు అరల్లో, వెనుక గోడకు ఆనించి, ముందు రెండు కొండపల్లి బొమ్మలతో సహా కొలువై ఉన్నాయి. వాటిని బయటికి తీస్తుండగా కుడివైపు స్పీకరు వెనుక ఎర్ర వైరు నల్ల టెర్మినల్లోనూ, నల్ల వైరు ఎర్ర టెర్మినల్లోనూ బిగించి ఉండటం కనిపించింది. ఇలా ఒక స్పీకరుకు మాత్రమే వైర్లు తారుమారైతే ఒకదాని శంకువు (కదులుతూ ధ్వనిని పుట్టించే గరాటు వంటి భాగం) ముందుకు వచ్చినప్పుడు రెండోదానిది వెనక్కు పోతుంది. మంద్రస్వరాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, గాయకుడి గొంతు నడిమధ్య నిలవకుండా గదంతా చెదిరిపోతుంది. వైరుకు గుర్తులు లేనప్పుడు గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని దాని కొసలకు ఒక్క క్షణం తాకించి, శంకువు ముందుకు కదిలిందా వెనక్కు కదిలిందా అని చూస్తే సరిపోతుంది. ఎన్నేళ్లుగా అలా ఉందో ఎవరికీ గుర్తు లేదు. ఆ సాయంత్రం పైసా ఖర్చు లేకుండా జరిగిన మేలు, తరువాత కొన్న ఏ వస్తువు వల్లా అంతగా జరగలేదు.

ఇక అసలు పోలికకు వస్తే, స్పీకరుకూ యాంప్లిఫయరుకూ మధ్య పోటీ సమానమైనది కాదు. సవ్యంగా పనిచేసే యాంప్లిఫయరు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అంటే అతి మంద్రం నుంచి అతి తారం దాకా, అర డెసిబెల్ (ధ్వని తీవ్రతకు కొలమానం) హెచ్చుతగ్గు కూడా రానివ్వదు. దాని డిస్టార్షన్ (ధ్వని రూపం చెడిపోవడం) సాధారణంగా 0.1 శాతం లోపే ఉంటుంది. స్పీకరు సంగతి అలా కాదు. విద్యుత్తును కాగితపు శంకువు కదలికగా, ఆ కదలికను గాలిలో అలగా మార్చవలసిన యంత్రం అది. 3 డెసిబెళ్ల హెచ్చుతగ్గు ఉంటుందని తయారీదారే పెట్టె మీద రాసుకుంటాడు; వాల్యూం పెంచినప్పుడు చిన్న వూఫరు మంద్రస్థాయిలో కొన్ని శాతాల డిస్టార్షన్‌ను కలుపుతుంది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, ఆ తరువాత హర్మన్ సంస్థలోనూ ఫ్లాయిడ్ టూల్ బృందం తెర వెనుక స్పీకర్లుంచి శ్రోతలచేత వినిపించిన పరీక్షల్లో, ఎదుటికి సమంగా పలుకుతూ పక్కలకు కూడా ఒడుదొడుకులు లేకుండా ధ్వనిని వెదజల్లే స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఆ తేడాలు కళ్లు మూసుకున్నా తెలిసేవి. రెండు మంచి యాంప్లిఫయర్ల మధ్య అటువంటి తేడా పట్టుకోవడం చాలా కష్టం.

ఈ మాట బావగారు నమ్మలేదు. అందుకని ఒక మిత్రుడి దగ్గర 100 వాట్ల యాంప్లిఫయరును రెండు రోజులకు అరువు తెచ్చాము. రెండింటి వాల్యూం మీటనూ ఒకే చోట నిలిపి వినిపిస్తే, కొత్తదానిలో ప్రాణం ఉందనీ, పాతదానిలో పస లేదనీ ఆయన వెంటనే తీర్పు చెప్పారు. అప్పుడు 100 హెర్ట్జ్ స్వరం ఒకటి నిలకడగా పలికిస్తూ స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి చూశాను. పాతది 2.0 వోల్టులు, కొత్తది 2.3 వోల్టులు ఇస్తున్నాయి. అంటే కొత్తది 1.2 డెసిబెళ్లు గట్టిగా పలుకుతున్నదన్న మాట. ఇంత స్వల్పమైన హెచ్చును మన చెవి హెచ్చుగా గుర్తించదు, మెరుగుగా భావిస్తుంది. రెండింటినీ సరిగ్గా 2.0 వోల్టులకు తెచ్చి, మా అక్కయ్య పరదా వెనుక నిలబడి వైర్లు మారుస్తుండగా పదిసార్లు అడిగితే, ఆయన ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది.

వాట్ల లెక్క కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే కాబట్టి, 40 వాట్ల నుంచి 100 వాట్లకు వెళితే దక్కేది 4 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదిరెట్ల శక్తి కావాలి. ఒక వాటుకు మీటరు దూరంలో 87 డెసిబెళ్లు పలికే స్పీకర్లు రెండు ఉంటే, మామూలు గదిలో రెండున్నర మీటర్ల దూరాన కూర్చున్నవారికి ఒక్కొక్క వాటుతోనే 84 డెసిబెళ్లకు అటూఇటూగా చేరుతుంది. పక్కింటివారు తలుపు తట్టడానికి అది చాలు. తాళవాద్యం ఒక్కసారిగా ఎగిసే క్షణాలకు మరో 15 డెసిబెళ్లు కలిపినా 32 వాట్లతో సరిపోతుంది. దీనికి బదులు 90 డెసిబెళ్ల స్పీకరు కొంటే, ఉన్న యాంప్లిఫయరు శక్తి రెట్టింపైనంత పని జరుగుతుంది.

అయినా యాంప్లిఫయరు మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. ఒక ఛానెలు ఉండి ఉండి మూగబోతున్నా, పాత కెపాసిటర్లు ఎండిపోయి పాట లేనప్పుడు కూడా ఝుంకారం వినబడుతున్నా, నాలుగు ఓముల స్పీకర్లను తగిలించగానే వేడెక్కి ఆగిపోతున్నా దానికి విశ్రాంతినివ్వవచ్చు. వాల్యూం తిప్పేటప్పుడు వచ్చే గరగర శబ్దానికి మాత్రం కాంటాక్ట్ క్లీనరు నాలుగు చుక్కలు చాలు. ఆ ఒక్క గరగరను చూసి కొత్తది కొనవద్దు.

డాక్ విషయం ఇంకా తేలిక. 1982లో వచ్చిన సీడీ 16 బిట్లతోనే 96 డెసిబెళ్ల వ్యాప్తిని (అతి నెమ్మది, అతి గట్టి శబ్దాల మధ్య తేడాను) ఇచ్చింది. నేడు ఫోనుకు తగిలించే చిన్న డాంగిల్ కూడా ఇంచుమించు ఆ స్థాయికి చేరుకుంటుంది. వేసవిలో సీలింగు ఫ్యాను గిర్రున తిరిగే హాలులో నేపథ్యపు రొదే 40 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. పాట అత్యున్నత శబ్దం 99 డెసిబెళ్లనుకున్నా, చెవికి దొరికే వ్యాప్తి 60కి మించదు. 120 డెసిబెళ్ల డాక్ కొన్నవారు ముందుగా ఫ్యాను ఆపుకోవలసి ఉంటుంది, విజయవాడ మే నెలలో అది సాధ్యమైతే. బ్లూటూత్‌లో, పాటను కుదించి పంపే పాత ఎస్‌బీసీ పద్ధతిన వినేవారు వైరు తగిలించి విని చూడటం మంచిది. ఆ మార్పుకు డాక్ అవసరం లేదు. వైరు గురించి రెండు వాక్యాలు చాలు: ఇళ్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి 0.07 ఓము నిరోధమే చూపుతుంది, ఎనిమిది ఓముల స్పీకరు ముందు అది నూటికి ఒక వంతు కూడా కాదు. చీటీలోని ఆ వైరును ఎర్ర సిరాతో కొట్టివేశాము.

స్పీకర్లతో నిజంగా పోటీ పడగలిగేది గది. బావగారి హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద మార్బుల్. ఎదురెదురు గోడల మధ్య దూరం అర తరంగదైర్ఘ్యానికి సమానమైన చోట ధ్వని ఉబ్బిపోతుంది. 12 అడుగులకు అది 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56. వెడల్పూ ఎత్తూ ఒక్కటే కావడంతో 56 దగ్గర రెండు అనునాదాలు ఒకదానిపై ఒకటి పడి, బేస్ గిటారులో ఒకటి రెండు స్వరాలు మాత్రం గుమ్మటంలో మోగినట్టు మోగుతాయి. కర్టెన్లు కడితే ఇది పోతుందని చాలామంది అనుకుంటారు. 56 హెర్ట్జ్ అల పొడవు 20 అడుగులు. పలుచని గుడ్డ దానిని ఆపలేదు. పరదాలు, తివాచీ, పుస్తకాల బీరువా పనిచేసేది పై స్వరాల మీద. చప్పట్లు కొడితే వినిపించే ఖణేల్‌మనే ప్రతిధ్వని వీటివల్ల తగ్గుతుంది, మాటలు స్పష్టమవుతాయి. కింది స్వరాలకు చోటు మార్చడమే మందు. స్పీకర్లను షోకేసులోంచి తీసి, ట్వీటరు (పై స్వరాలు పలికే భాగం) చెవి ఎత్తుకు వచ్చేలా చెక్క స్టూళ్ల మీద, గోడకు రెండడుగులు ముందుకు నిలిపాము. వెనుక గోడకు ఆనించిన సోఫాను ఒకటిన్నర అడుగు ముందుకు జరిపాము. ఆ గుమ్మనే మోత సగానికి పైగా తగ్గింది. మిగిలినదానిని ఫోనులోని ఈక్వలైజరుతో 56 దగ్గర కొద్దిగా కోసివేయవచ్చు. నడవడానికి దారి ఇరుకైందని అక్కయ్య అన్నది. ఆ మాటా న్యాయమైనదే.

వినే సంగీతాన్ని బట్టి కూడా తూకం మారుతుంది. ఘంటసాల కాలపు పాటలు మోనోలో ముద్రితమైనవి. వాటిలో అసలు సరుకంతా గొంతు పలికే మధ్యస్థాయిలోనే ఉంటుంది. వాటినే వినేవారికి పెద్ద వూఫరు వల్ల ఒరిగేది తక్కువ, మధ్యస్థాయిని శుభ్రంగా పలికే చిన్న స్పీకరే మేలు. బేస్ గిటారు నడకతో సాగే ఇళయరాజా పాటలను ఇష్టపడేవారికి ఐదంగుళాల వూఫరు 60 హెర్ట్జ్ కింద చేతులెత్తేయడం లోటుగానే తోస్తుంది. గ్రామఫోను రికార్డులు వినేవారు మాత్రం స్పీకరు కంటే ముందు సూది చూసుకోవాలి: అది 500 నుంచి 1,000 గంటలలోపు అరిగిపోతుంది, అరిగిన సూది రికార్డునే చెక్కివేస్తుంది.

పాత స్పీకర్లను బాగుచేయించడమూ ఒక మార్గమే. శంకువు అంచున ఉండే ఫోము పదిహేను, ఇరవై ఏళ్లలో, తేమగాలి తగిలేచోట ఇంకా ముందే, వేలితో తాకితే జిగురుగా రాలిపోతుంది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటిచోట వెతికితే కొత్త అంచు దొరుకుతుంది. బావగారి స్పీకర్లవి రబ్బరు అంచులు, చెక్కుచెదరలేదు. కాబట్టి వాటిని పడకగదికి పంపి, హాలుకు 89 డెసిబెళ్లు పలికే ఆరున్నర అంగుళాల వూఫరు స్పీకర్లను 29,000 రూపాయలకు కొన్నారు. వడ్రంగి చేత 3,000తో స్టాండ్లు చేయించారు. యాంప్లిఫయరు పాతదే.

మిగిలిన 8,000 మీద ఇంకా చర్చ నడుస్తున్నది. కరెంటు పోయి ఇంటి ఇన్వర్టరు అందుకోగానే యాంప్లిఫయరు లోపలి ట్రాన్స్‌ఫార్మరు తుమ్మెదలా జుమ్మంటుంది; ఆ ఇన్వర్టరు స్క్వేర్‌వేవ్ రకం కావడమే కారణం, సైన్‌వేవ్‌ది పెడితే ఆ మోత తగ్గుతుంది. అది స్టీరియో ఖాతాలో రాయవలసిన ఖర్చా, ఇంటి ఖాతాలో రాయవలసినదా అన్న విషయంలో బావగారికీ అక్కయ్యకూ ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు.