కాకినాడ యాంకరేజ్‌లో బియ్యం లోడింగ్: చాలా సీజన్ల వాడకం తర్వాత

మిల్లుల దగ్గర బియ్యం కొని పశ్చిమ ఆఫ్రికాకు పంపే వ్యాపారం మాది. ఒడ్డున బార్జీకి (సరుకు మోసే అడుగు చదునైన పడవకు) ఎత్తి, సముద్రంలో లంగరేసిన ఓడకు చేర్చే కాకినాడ పద్ధతిని ఏళ్ల తరబడి వాడుతున్నాను. బస్తా బియ్యానికి ఇది బాగానే పనికొస్తుంది. ఫలానా తేదీకి ఓడ కదలాల్సిందే అనేవాళ్లకు మాత్రం వద్దు. 5కి 3.5 ఇస్తాను.

మార్కులు ఎందుకు తగ్గాయంటే, ఒడ్డు దగ్గర లోతు లేదు. పెద్ద ఓడ కొన్ని కిలోమీటర్ల అవతలే ఆగిపోతుంది. బస్తా లారీ దిగి బార్జీ ఎక్కాలి, మళ్లీ అక్కణ్నుంచి ఓడలోకి లేవాలి. ఎత్తిన ప్రతిసారీ కూలి ఖర్చు, నాలుగు చిరిగిన సంచులు మామూలే. చినుకు పడిందంటే హ్యాచ్‌లు, అంటే ఓడలో సరుకు దించే గదుల మూతలు, మూసేస్తారు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే బార్జీలు అసలు కదలవు. మన ఖరీఫ్ పంట మిల్లుకు చేరేదీ, బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టేదీ దాదాపు ఒకే సమయంలో కదా! అవతల డెమరేజ్ (గడువు దాటి ఓడను ఆపినందుకు కట్టే పరిహారం) డాలర్లలో పెరుగుతుంటే వచ్చే టెన్షన్ వేరు.

లోతు లేని ఈ రేవు చిక్కు మా తరంతో మొదలైంది కాదు. కంపెనీ రోజుల్లో ఇక్కడి పెద్ద రేవు కోరంగి. 1839 తుఫాను, ఆ తర్వాత పూడిక దాన్ని మింగేశాక వ్యాపారం కాకినాడకు మళ్లింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది. కాటన్ కాలువలు పొలానికి నీళ్లిచ్చి ఊరుకోలేదు, లాకులు దాటుకుంటూ సరుకు పడవలూ నడిచాయి. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తే మాత్రం పడవ ఆగాల్సిందే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులకు పత్తి కరువైనప్పుడు మన పత్తికి ఒక్కసారిగా గిరాకీ లేచింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు, రైలుకు దారి కుదిరింది. ఇన్ని జరిగినా ఒడ్డుకూ ఓడకూ మధ్య పని పడవలదే. పెద్ద ఓడ నేరుగా వచ్చి ఆనుకునే లోతు బెర్తులు 1990లలో గానీ రాలేదు. నన్నడిగితే, శిస్తు పొలం దగ్గరే వసూలవుతుంటే దొరలకు రేవు లోతు గురించి తొందరేముంటుంది?

బాగున్నవీ ఉన్నాయి. గోదావరి ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అలలకు అడ్డంగా ఉండటంతో, వాతావరణం బాగున్న రోజుల్లో లోపలి నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. (అఖాతాన్ని మెరక చేసిందీ ఆ ఒండ్రే, అది వేరే బాధ.) మిల్లులు దగ్గర, గోడౌన్లు దగ్గర. బస్తా చూడగానే ఉప్పుడు బియ్యమా, నూకలా చెప్పేసే హమాలీలు ఇక్కడ దొరుకుతారు. ఓడంత సరుకు ఒకేసారి పంపాలంటే నేనైతే ఇప్పటికీ ఇక్కడికే వస్తాను. కొద్ది సరుకైతే కంటెయినరే నయం, వానతో పని ఉండదు.

కొత్తగా దిగేవాళ్లు కాంట్రాక్టులో రోజుకెన్ని టన్నులు ఎక్కించాలో రాసే చోట, వాతావరణం అనుకూలించిన పనిదినాలే లెక్క అని తప్పక రాయించుకోండి. నవంబర్, డిసెంబర్ లోడింగ్ అయితే ఆ మాట లేని కాగితం మీద సంతకం పెట్టకండి.