నమూనా రైలింజన్లు: పాతదా, నడిమి తరానిదా, కొత్తదా – ఏది మేలు?

విజయనగరం జంక్షనుకు కూతవేటు దూరంలో పెరిగినవారికి రైలింజను మీద మమకారం కలగడం వింత కాదు. ఆ మమకారాన్ని ఇంట్లో ఒక బల్ల మీద నిలుపుకోవాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవరో వాడిన పాత విదేశీ నమూనా ఇంజను చవకగా దొరికితే తీసుకోవచ్చా, లేక కొన్నాళ్లు ఆగి, డబ్బు కూడబెట్టి, కూతతో, మోతతో సహా వచ్చే కొత్త ఇంజనునే కొనాలా అని. ఈ రెండింటి నడుమ మూడో దారి ఒకటి ఉందని, మన ప్రాంతంలో ఉండేవారికి చాలా వరకు అదే మేలని నా అభిప్రాయం.

ఇక్కడ పోలుస్తున్నవన్నీ హెచ్‌ఓ కొలతకు చెందినవి. అంటే అసలు ఇంజనులో 87వ వంతు పరిమాణంతో, 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నడిచేవి. 1960ల నుంచి 1980ల వరకు విరివిగా తయారైన వాటిని పాత తరమని, 1990ల నుంచి సుమారు ఇరవయ్యేళ్ల పాటు వచ్చిన వాటిని నడిమి తరమని, కర్మాగారంలోనే డీకోడరు (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆజ్ఞలను అందుకునే చిన్న సర్క్యూటు), స్పీకరు అమర్చి పంపుతున్న నేటి వాటిని కొత్త తరమని అంటాను. ఈ గీతలు కచ్చితమైనవి కావు. జపానులో చేతితో చేసిన ఇత్తడి ఇంజన్లు కొన్ని పాత కాలంలోనే ఎంతో మేలుగా ఉండేవి. అయితే వాటి ధర సామాన్యులకు అందేది కాదు.

ఇంజను నాణ్యతను అది ఎంత వేగంగా పరుగెత్తుతుందో చూసి నిర్ణయించకూడదు. ఎంత నెమ్మదిగా నడవగలదో చూసి నిర్ణయించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సును 87వ వంతుకు తగ్గిస్తే, అది సెకనుకు 19 సెంటీమీటర్లు నడవాలి. ఆ మాత్రం ఏ ఇంజనైనా చేస్తుంది. అదే బండి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ప్లాట్‌ఫారంలోకి పాకుతూ వచ్చే దృశ్యం కావాలంటే సెకనుకు 1.6 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పాత తరం ఇంజను ఓడిపోయేది ఇక్కడే. దాని మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచరుకు సాధారణంగా మూడే ధ్రువాలు ఉంటాయి. కరెంటు తక్కువగా ఇచ్చినప్పుడు అయస్కాంతం ఆ ధ్రువాలను పట్టి పట్టి వదులుతుంది కనుక ఇంజను కుదుపులతో కదులుతుంది, లేదా కదలనే కదలదు. పట్టాలకు పంపే కరెంటును హెచ్చించి తగ్గించే కంట్రోలరును ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. నిశ్చలంగా ఉన్న గేర్ల రాపిడిని దాటడానికి కావలసిన వోల్టేజీ, దాటిన తరువాత నెమ్మదిగా నడవడానికి కావలసిన దానికంటే ఎక్కువ కావడమే ఇందుకు కారణం.

నడిమి తరంలో ఈ లోపం మూడు మార్పులతో చాలా వరకు తీరింది. మోటారుకు అయిదు ధ్రువాలు వచ్చాయి, వాటి నడుమ గాడులను కాస్త ఏటవాలుగా కోయడంతో అయస్కాంతపు పట్టు ఒకచోట తెగి మరోచోట మొదలవడం తగ్గింది. మోటారును ఇంజను నడిమధ్యన పెట్టి, మర ఆకారంలో ఉండే వార్మ్ గేర్ల ద్వారా ముందు, వెనుక చక్రాల చట్రాలు రెండింటికీ శక్తిని పంపారు. మోటారు ఇరుసుకు ఇత్తడి ఫ్లైవీలు బిగించారు. మట్టి అంటిన చోట కరెంటు రెప్పపాటు తెగినా, తిరుగుతున్న ఆ ఇత్తడి బిళ్ల ఇంజనును అంగుళం మేర ముందుకు నెడుతుంది. నా లెక్కలో నమూనా ఇంజన్ల చరిత్రలో అతి పెద్ద ముందడుగు ఇదే. డిజిటల్ విద్య దాని తరువాతనే.

కొత్త తరంలో కొన్ని ఇంజన్లకు కోర్‌లెస్ మోటారు పెడుతున్నారు. దాని ఆర్మేచరులో ఇనుము ఉండదు కనుక అయస్కాంతం పట్టుకునేందుకు ఏమీ ఉండదు, కదలిక నూనె మీద జారినట్టుంటుంది. కానీ అది త్వరగా వేడెక్కుతుంది, పాత కంట్రోలర్లు ఆగి ఆగి పంపే ముతక కరెంటు తాకిళ్లను ఓర్చుకోలేదు. పాత కంట్రోలరు ఇంట్లో ఉన్నవారు ఈ సంగతి తెలియక కొత్త ఇంజనును దాని మీద పెడితే నష్టపోతారు.

కరెంటు అందుకోవడంలోనూ తేడా ఇంతే. చాలా పాత ఇంజన్లలో ముందు చట్రపు చక్రాలు ఒక పట్టా నుంచి, వెనుక చట్రపు చక్రాలు రెండో పట్టా నుంచి కరెంటు తీసుకునేవి. జారకుండా లాగడానికి కొన్ని చక్రాలకు రబ్బరు చుట్టేవారు, అవి కరెంటు అందుకోవడానికి పనికిరావు. అందుచేత దారి రెండుగా చీలే పాయింట్ల దగ్గర, పట్టాలు ఒకదానినొకటి దాటే ప్లాస్టిక్ ముక్క మీదికి రాగానే ఇంజను ఆగిపోయేది, వేలితో తోయవలసి వచ్చేది. నడిమి తరం నుంచి అన్ని చక్రాలూ రెండు పట్టాల నుంచీ కరెంటు అందుకుంటున్నాయి. నేటి ఇంజన్లలో కొన్నింటికి కరెంటును కాసేపు నిలువ ఉంచే కెపాసిటర్లు కూడా ఉండి, కరెంటు క్షణం తెగినా నడకను, కూతను ఆపనివ్వవు.

బరువు గురించి ఒక మాట. మన వాల్తేరు డీజిల్ షెడ్డు పరిధిలో ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన డబ్ల్యూడీఎం-2 ఇంజను బరువు సుమారు 113 టన్నులు. కొలత 87వ వంతైతే బరువు 87 ఘనంతో, అంటే 6,58,503తో భాగించాలి. వచ్చేది సుమారు 171 గ్రాములే. అంత తేలిక ఇంజను బల్ల మీద నాలుగు పెట్టెలు లాగడానికే ఆపసోపాలు పడుతుంది. అందుకే మంచి తయారీదారులు లోపల లోహపు దిమ్మ పోసి బరువును రెట్టింపు, అంతకంటే ఎక్కువ చేస్తారు. కొనేముందు ఇంజనును అరచేతిలో పెట్టి తూచి చూడమని నేను చెప్పడం ఇందుకే. బరువైన ఇంజనుకు రబ్బరు చుట్టిన చక్రాలు అవసరం లేదు.

ఇక డిజిటల్ పద్ధతి. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన విధానాన్ని ఆధారంగా తీసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణాన్ని స్థిరపరచింది. పట్టాలలో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ప్రతి ఇంజనులోని డీకోడరు తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. దీని విలువ కొత్తవలస–కిరండూల్ దారిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే బండికి రెండు మూడు ఇంజన్లు కట్టి నడపడం అక్కడ మామూలు. మామూలు కరెంటు మీద, అంటే డీకోడరు లేకుండా కంట్రోలరు పంపే డీసీ మీద నడిచే రెండు వేర్వేరు ఇంజన్లను అలా జత కడితే ఒకటి లాగుతుంది, రెండోది ఈడ్చుకుపోబడుతుంది. డీసీసీలో రెండింటి వేగాలను అంకెలతో సరిచూసి ఒకే జతగా నడపవచ్చు. పైగా మంచి డీకోడరు మోటారు వేగాన్ని క్షణక్షణం కొలుచుకుంటూ కరెంటును సరిదిద్దుతుంది కనుక పాత మోటారు నడక కూడా దానితో మెరుగుపడుతుంది.

రూపం మాట కొస్తే కొత్త తరానిదే పైచేయి, ఇందులో వాదన లేదు. పాతవాటిలో పట్టుకమ్మీలు ప్లాస్టిక్ ఒంటి మీదనే ఉబ్బెత్తుగా పోతపోసి ఉండేవి. నేడు అవి వేరే తీగలతో అమరి ఉంటాయి, అక్షరాలు భూతద్దంతో చదివేంత సన్నగా ముద్రితమై ఉంటాయి. ఆ తీగలు చేయి తగిలితే విరుగుతాయి కూడా, పిల్లలున్న ఇల్లు ఆ మాట మరువకూడదు.

ఇంత చెప్పిన తరువాత కొత్తదే కొనమనక నడిమి తరాన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, అందుకు కారణం మన ఊరు, మన గాలి. ఉద్దానం వైపు ఎందరో ఓడల్లో పనిచేస్తారు. మా చిన్నాన్నగారు కూడా అలాగే పనిచేస్తూ, 1986లో ఐరోపా రేవు నుంచి నాకొక ఇంజను తెచ్చారు. అది పాత తరానిది, కుదుపులతోనే నడుస్తుంది, కానీ నేటికీ నడుస్తుంది. ఒక్క మర విప్పితే మోటారు చేతికొస్తుంది. కార్బన్ బ్రష్‌లు రెండుసార్లు మార్చాను, ఆ పనికి స్క్రూడ్రైవరు, టంకం వేసే కడ్డీ తప్ప మరేమీ అక్కరలేకపోయింది. నాలుగేళ్ల కిందట కొన్న కొత్త ఇంజనులో వర్షాకాలం దాటేసరికి శబ్దం పోయింది. సర్క్యూటు బోర్డు మీద పచ్చని చిలుము కనిపించింది. దాన్ని బాగుచేసేవారు ఇక్కడ దొరకలేదు, బోర్డు మార్చాలంటే విదేశం నుంచే రావాలి. సముద్రపు తేమ, ఎండాకాలపు దుమ్ము ఉన్నచోట సున్నితమైన బోర్డు ఎంత తక్కువ ఉంటే అంత మేలని నాకు అప్పుడు తెలిసింది.

నడిమి తరం ఇంజను ఈ రెండింటి మేలునూ కలుపుకొని ఉంటుంది. అయిదు ధ్రువాల మోటారు, ఫ్లైవీలు, అన్ని చక్రాల నుంచి కరెంటు, లోహపు దిమ్మ ఉంటాయి. డీకోడరు మాత్రం ఉండదు, దాని కోసం ఎనిమిది కాళ్ల సాకెట్టు సిద్ధంగా ఉంటుంది. ఈ రోజు మామూలు కరెంటు మీద నడిపి, చేతిలో డబ్బున్న రోజున డీకోడరు గుచ్చుకోవచ్చు. అది పాడైతే ఇంజను పాడుకాదు, దాన్ని తీసి పక్కన పెట్టి మరొకటి గుచ్చితే చాలు. అయితే కొనేముందు రెండు విషయాలు చూడాలి. ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు పగిలి ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుటక్కుమనే చప్పుడు వస్తుంది. జింకు మిశ్రమంతో పోసిన ఇంజను ప్రధాన చట్రంలో సీసం వంటి మాలిన్యాలు చేరి ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ అది ఉబ్బి బీటలు వారుతుంది. తేమ, వేడి దాన్ని తొందరపరుస్తాయి. గేరు మార్చుకోవచ్చు, బీటలు వారిన చట్రానికి మాత్రం మందు లేదు.

ఈ తీర్పుకు నేనే పెట్టుకున్న మినహాయింపు ఒకటుంది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లే దారి 1900లో మొదలైనప్పుడు దాని పట్టాల ఎడం 762 మిల్లీమీటర్లు. అది ఇప్పుడు బ్రాడ్‌గేజి అయిపోయింది. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది, హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ కొలత పట్టాల ఎడమైన 9 మిల్లీమీటర్లకు అది దాదాపు సమానం. అందుచేత ఎన్ కొలత ఇంజను అడుగుభాగం మీద 1:87 కొలతలో ఒళ్లు కడితే ఆ చిన్న లైను ఇంజను తయారవుతుంది. అంత చిన్న అడుగుభాగంలో బరువు పోయడానికి చోటుండదు, పాతవాటి కుదుపు రెట్టింపుగా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం కొత్త తరం కోర్‌లెస్ మోటారునే ఎంచుకున్నాను. డీకోడరు లేనిదాన్ని తీసుకుని, ఒడుదొడుకులు లేని మెత్తని డీసీ ఇచ్చే కంట్రోలరును దానికోసమే వేరుగా కొన్నాను. వర్షాకాలంలో దాన్ని సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో దాస్తున్నాను.