పొయ్యి గట్టుకు గ్రానైటా, క్వార్ట్జా, కడప బండా: ఏది మేలు?

మా అమ్మ వంటింట్లో గట్టు కడప బండది. కొత్తలో నల్లగా నిగనిగలాడేదట. నాకు ఊహ తెలిసేసరికే దాని మీద తెల్లటి గుండ్రటి మచ్చలుండేవి. నిమ్మకాయలు పిండే చోట ఒకటి, చింతపండు నానబెట్టే గిన్నె ఆనించే చోట ఇంకొకటి. పీచు పెట్టి ఎంత తోమినా పోయేవి కావు. అవి మరకలు కావని, అక్కడ రాయే కరిగిపోయిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

అందుకే కిందటేడు మా ఇంటికి రాయి చూసేటప్పుడు రంగు సంగతి పక్కన పెట్టి, మన వంటలో గట్టు మీద పడేవేమిటో ముందు ఆలోచించాను. పులుపు, పసుపు, నూనె, పొయ్యి మీంచి దించిన మూకుడు. ఈ నాలుగింటికీ ఓర్చే రాయి కావాలి. విదేశీ వంటిళ్ళ ఫొటోలు చూసి తెల్ల గట్టు మీద మనసు పడేవాళ్ళకు నేను చెప్పేదీ ఇదే. ఆ ఫొటోలో పులిహోర కలిపే పళ్ళెం ఉండదు.

కడప బండ సున్నపురాయి జాతిది. బేతంచెర్ల, తాండూరు, షాబాదు బండలూ అంతే. పాలరాయి కూడా రసాయనికంగా వీటికి చుట్టమే. వీటన్నిటిలో ఉండేది కాల్షియం కార్బొనేట్. నిమ్మలోని, చింతపండులోని ఆమ్లం తగిలితే పాలిష్ కరిగి ఆ మేర వెలిసిపోతుంది. కాబట్టి గట్టు పైన ఇవి వద్దు. గట్టు కింద అరలకు, నిలువు ఆధారాలకు మాత్రం కడప బండను మించింది లేదనే నా నమ్మకం. చెద పట్టదు, చెమ్మకు ఉబ్బదు, బియ్యం డబ్బా బరువు ఎంతున్నా వంగదు. చవక కూడా. మాడ్యులర్ కిచెన్ వాళ్ళు దాన్ని తీసెయ్యమంటారు, తొందరపడకండి. మా సామాన్ల గది అరలన్నీ కడప బండలే.

ఇక గ్రానైట్. షాపులో ఆ పేరుతో అమ్మేవన్నీ భూగర్భశాస్త్రం లెక్కలో గ్రానైట్‌లు కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే గెలాక్సీ రాయి నిజానికి గాబ్రో జాతిది. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఏ పేరుతో పిలిచినా మనకు పనికొచ్చే గుణాలు దానిలో ఉన్నాయి. భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయి కాబట్టి వేడికి జంకదు, కడప బండలోని కాల్షియం కార్బొనేట్ దీనిలో లేదు కాబట్టి చింతపండు పులుసు ఒలికినా పాలిష్ పోదు. కరీంనగర్‌లో దొరికే టాన్ బ్రౌన్ అనే గోధుమ రంగు రాయి కూడా గట్టుకు బాగా నిలుస్తుంది. లేత రంగు గ్రానైట్ల దగ్గరే జాగ్రత్త అవసరం. వాటిలో చాలావాటికి సన్నటి రంధ్రాలు ఎక్కువ. పసుపూ నూనే లోపలికి దిగితే తుడిచినా రావు. అలాంటివి కావాలనుకుంటే ఆ రంధ్రాలు మూసే సీలర్ అనే పూత పూయించాలి, కొన్నాళ్ళకోసారి మళ్ళీ పూయించుకుంటూ ఉండాలి.

నలుపులోనూ మోసం ఉంది. నేను మొదట వెళ్ళిన షాపులో చూపించిన నల్ల రాయి కాటుకలా ఉంది, ధర కూడా తక్కువే. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి రుద్దాను. దూది నల్లబడింది. బూడిద రంగు రాయికి రంగు పట్టించి అమ్ముతున్నారన్నమాట. అప్పటి నుంచి ప్రతి ముక్కకూ మూడు పరీక్షలు పెట్టాను. రిమూవర్‌తో రుద్దడం ఒకటి. రాత్రి నిమ్మరసం చుక్క వేసి పొద్దున చూడడం రెండోది. నీటిచుక్క వేసి పావుగంట ఆగి, ఆ చోటు ముదురు రంగుకి తిరిగిందేమో చూడడం మూడోది. ముక్క ఇవ్వని షాపులో నేను కొనలేదు, మీరూ కొనకండి.

నల్ల గ్రానైట్‌తో ఇబ్బంది లేకపోలేదు. బోరు నీళ్ళున్న ఇంట్లో కొళాయి చుట్టూ తెల్లటి ఉప్పు చార కడుతుంది. రోజూ రాత్రి పొడిగుడ్డతో తుడవాల్సిందే. వంటిల్లు కాస్త చీకటిగా కూడా అనిపిస్తుంది, పై అల్మరాల కింద లైటు పెట్టుకుంటే సరిపోతుంది. లెదర్ ఫినిష్ (మెరుపు లేకుండా కాస్త గరుకుగా ఉంచడం) చేయిస్తే చారలు అంతగా కనపడవు, కానీ ఆ గరుకులో నూనె జిడ్డు చేరుతుంది. పొయ్యి దగ్గర పాలిష్ రాయే నయం.

క్వార్ట్జ్ గనిలో తవ్విన పలక కాదు, ఫ్యాక్టరీలో అచ్చుపోసింది. తూకంలో 90 శాతం, అంతకు మించి క్వార్ట్జ్ పొడి, పలుకులు. మిగతాది వాటిని పట్టి ఉంచే రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు, రంగు. రంధ్రాలు లేవు, సీలర్ అక్కర్లేదు, మొత్తం ఒకే రంగులో వస్తుంది. ఇవి నిజమైన సుగుణాలే. లోపం ఆ రెజిన్‌లో ఉంది. సుమారు 150 డిగ్రీల దగ్గరే అది దెబ్బతినడం మొదలవుతుంది. బూరెలు వేగే నూనె 180 డిగ్రీలు. ఆ మూకుడు దించి నేరుగా పెడితే పసుపుపచ్చ వలయం పడుతుంది, అది పాలిష్‌తో పోయేది కాదు. ప్రతిసారీ కింద చెక్క పెడతామని అనుకుంటాం. పండగ పూట నలుగురు ఆడపడుచులు వంటింట్లో ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ దించుతారో చూసుకోలేం. ఎండ తగిలే వెనక వసారా గట్టుకైతే అసలే వద్దు, రంగు మారుతుంది. తెల్ల క్వార్ట్జ్ మీద తడి పసుపు రాత్రంతా ఉంటే లేత పచ్చ ఛాయ మిగులుతుంది కూడా. ధర చూస్తే మంచి గ్రానైట్ కంటే బాగా ఎక్కువ.

నన్ను పూర్తిగా వెనక్కి తగ్గేలా చేసింది మాత్రం వేరే విషయం. క్వార్ట్జ్ కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా (క్వార్ట్జ్ ఖనిజమంటే అదే) చాలా ఎక్కువ. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. రాయి కోసే కుర్రవాళ్ళు జబ్బుపడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి కృత్రిమ రాతి పలకల తయారీ, అమ్మకం, వాడకం నిషేధించింది. మన దగ్గర ఇంటి ముందే చేతి కట్టర్‌తో పొడిగా కోస్తారు, ముక్కుకు జేబురుమాలు చాలనుకుంటారు. గ్రానైట్ దుమ్ములోనూ సిలికా ఉంటుంది, చీమకుర్తి గెలాక్సీలో మాత్రం క్వార్ట్జ్ ఖనిజం బాగా తక్కువ. ఏ రాయి కొన్నా, యార్డులో నీళ్ళు పోస్తూ కోయించి తెమ్మని బేరంలోనే చెప్పండి. మా ఇంట్లో చిన్న కోతలు మిగిలితే మేస్త్రీకి మాస్కులు నేనే తెచ్చిచ్చాను. "ఎందుకమ్మా, అలవాటేగా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

నానో వైట్ తెల్లగా కళ్ళు చెదిరేలా ఉంటుంది, కానీ గాజు జాతిది. రోకలి జారితే అంచు పెచ్చు లేస్తుంది, సరిచేయడం కష్టం. కోరియన్ (Corian) బ్రాండు లాంటి యాక్రిలిక్ పలకలకు అతుకు కనపడదు, గీత పడితే సానపట్టుకోవచ్చు, వేడికి మాత్రం క్వార్ట్జ్ కంటే కూడా అలుసు. స్టీలు గట్టు హోటల్ వాళ్ళకు బాగుంటుంది.

చివరికి పొయ్యి వైపూ సింకు వైపూ గెలాక్సీయే వేయించాను. మిగిలిన డబ్బు ఎవరూ అంతగా పట్టించుకోని చోట పెట్టాను. పొయ్యి వెనక గోడకు నున్నటి పెద్ద టైల్స్, వాటి మధ్య సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్. తాలింపు చిట్లి పడ్డా సందుల్లో పసుపు పట్టదు. అల్మరా తలుపులకు యాక్రిలిక్ చూపించారు, అద్దంలా ఉంది, వేలిముద్రలూ గీతలూ అంతే బాగా కనపడతాయి. సాదా మ్యాట్ లామినేట్ తీసుకున్నాను. లోపలి పెట్టెకు మాత్రం రాజీ పడలేదు. ఐఎస్ 710 ముద్ర (నీళ్ళకు ఓర్చే మెరైన్ ప్లైవుడ్‌కు వేసేది) ఉన్న ప్లైవుడ్ అడిగి, ప్రతి షీటు మీదా ముద్ర చూసుకున్నాను. సింకు కింద ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే పలక, తడికి ఉబ్బుతుంది) పెట్టించుకుంటే ఎంత ఖరీదు రాయి పైన ఉన్నా లాభం లేదు.

రాయి బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి రెండున్నాయి. హాబ్ (గట్టులోకి దించి బిగించే గ్యాస్ పొయ్యి) కోసం కోసే రంధ్రం మూలలు సూటిగా కోయనివ్వకూడదు, గుండ్రంగా తిప్పించాలి. సూటి మూల దగ్గరే రాయి చిట్లుతుంది. రెండోది, గట్టు ముందు అంచు అడుగున సన్నటి గాడి కొట్టించాలి. ఒలికిన నీళ్ళు ఆ గాడి దగ్గరే చుక్కలుగా కిందికి రాలతాయి, తలుపుల వైపు పాకవు. మా అక్కవాళ్ళింట్లో ఆ గాడి లేదు. సింకు కింద తలుపు పై అంచు రెండేళ్ళకే ఉబ్బింది.