అడవికి వెళ్ళండి, ఆ బసకు మాత్రం వద్దు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగం, అప్పర్ పెనిన్సులాకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను: ‘సరస్సు కనిపించే ఇల్లు, పూర్తి వంటగదితో’ అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. టక్వామెనాన్ జలపాతానికి దగ్గర్లో రాత్రికి 189 డాలర్లు, ఆపైన శుభ్రం చేసినందుకు 65 డాలర్లు కట్టి మేము దిగిన ఇంట్లోంచి సుపీరియర్ సరస్సు కనిపించిన మాట నిజమే. గ్యాస్ ట్యాంకుకూ చెత్త డబ్బాకూ మధ్యనున్న జానెడు సందులోంచి, అదీ వంటగది కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడితే.

పరుపులకు ముక్కిన వాసన. వేడినీళ్ళు ఇద్దరి స్నానాలకే అయిపోయాయి. జూన్‌లో ఆ ప్రాంతమంతా దోమలూ నల్ల ఈగలూ ముసురుతాయని తెలిసి కూడా కిటికీ జాలీకి అరచేయంత చిరుగు అలాగే వదిలేశారు. ఇవన్నీ సర్దుకున్నాం. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన మామయ్యగారికి బయటి తిండి సయించక, అత్తయ్యగారు పప్పుచారు కాచి ఇంగువ పోపు వేశారు. వంటగది చూసే కదా ఆ ఇల్లు తీసుకున్నది! ఖాళీ చేసిన మర్నాడు ‘మసాలా వాసన పోగొట్టడానికి’ అంటూ కార్డు మీద ఇంకో 75 డాలర్లు లాగేశారు. వెళ్ళేముందు దుప్పట్లు తీసి ఉతకడానికి వేయాలి, గిన్నెలు తోమాలి, చెత్త బయట పెట్టాలి అని గోడకు హుకుం అంటించి ఉంది. అన్నీ మేమే చేస్తే ఆ 65 డాలర్లు ఎవరికి, దేనికి? బుకింగ్ సంస్థకు ఫొటోలూ ప్రకటన కాపీ పంపి పోట్లాడితే 75 వెనక్కి వచ్చాయి, 65 రాలేదు. ‘నా పోపు 75 డాలర్లా?’ అని అత్తయ్యగారికి ఒక పక్క కోపం, ఒక పక్క గర్వం.

ఇంత జరిగాక కూడా వెళ్ళమంటున్నానంటే ఆ గొప్ప స్టేట్ పార్కులది. మిషిగన్ బండికి నంబరు ప్లేటు రెన్యువల్‌తో పాటు కొద్దిపాటి రుసుము కడితే ఏడాదంతా అన్ని స్టేట్ పార్కులకూ ప్రవేశం. దక్షిణం వైపు నుంచి అక్కడికి చేర్చే మాకినా వంతెన దాటడానికి ఇంకో 4 డాలర్లు. టక్వామెనాన్ ఎగువ జలపాతం ఎత్తు 50 అడుగుల లోపే అయినా వెడల్పు 200 అడుగులకు పైనే. దేవదారు చిత్తడి నేలల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు కలిసి నీళ్ళు చిక్కటి డికాక్షన్ రంగులో దూకుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎగువన మెట్లు దిగే సాహసం చేయకుండా దిగువ జలపాతాలకు వెళ్ళండి. మధ్యనున్న ద్వీపానికి ఇప్పుడు వంతెన కట్టారు.

అన్నిటికంటే నచ్చింది మనిస్టిక్ ఊరికి దగ్గర్లోని కిచ్‌ఇటికిపి ఊట. పామ్స్ బుక్ స్టేట్ పార్కులో ఉంది. ఉక్కు తీగ వెంట కదిలే ఒక తెప్ప, దానికి చేత్తో తిప్పే చక్రం. నడిపేవాడు లేడు, మోటారు లేదు, వేరే టికెట్ లేదు. ఫోనుకు సిగ్నల్ లేదని అప్పటిదాకా మూతి ముడుచుకున్న మా అబ్బాయి ఆ చక్రం పట్టుకున్నాడంటే వదల్లేదు. తెప్ప మధ్యలో తెరిచిన చోటు నుంచి వంగి చూస్తే 40 అడుగుల లోతున ఇసుక కుతకుతలాడుతోంది. పడిపోయిన చెట్ల మొదళ్ళ మీద సున్నం పట్టిన పొర, వాటి మధ్య ట్రౌట్ చేపలు నీడలతో సహా కనిపిస్తాయి. నిమిషానికి 10,000 గ్యాలన్లకు పైగా ఊరుతుందని బోర్డు మీద చదివారు మామయ్యగారు. ఇరిగేషన్ శాఖలో రిటైరైన మనిషి, ఊరుకుంటారా? ‘ముప్ఫై ఎనిమిది వేల లీటర్లమ్మా! పంపు లేదు, కరెంటు బిల్లు లేదు’ అని తెప్ప మీద ఉన్న తెలియనివాళ్ళకు కూడా ఇంగ్లీషులో లెక్క చెప్పారు. ఏడాది పొడుగునా నీళ్ళు 45 డిగ్రీల ఫారెన్‌హీటే కాబట్టి చలికాలంలోనూ గడ్డకట్టవు. 1926లో జాన్ బెలేర్ అనే వ్యాపారి చొరవతో ఈ చోటు 10 డాలర్లకు ప్రభుత్వానికి దక్కిందట. మా పోపు వాసన ఖరీదులో ఏడో వంతు కూడా కాదు.

తిండి సంగతి: గనుల్లో పనికి వచ్చిన కార్నిష్‌వాళ్ళు (ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ మనుషులు) తెచ్చిన పాస్టీ, అంటే లోపల కూర పెట్టి కాల్చిన పిండి పొట్లం, ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది. కూరగాయలది 9 డాలర్లు. ఉప్పూ కారం లేని బంగాళదుంపల ముద్ద, ఆవకాయ నంజుకుంటే తప్ప దిగదు.

ఆంటొనాగన్‌లో 98 డాలర్ల మోటెల్ శుభ్రంగా ఉంది, అంతే. అక్కడి నుంచి పోర్క్యుపైన్ మౌంటెన్స్ పార్కుకు వెళ్ళాం. 1945లో ఏర్పడిన ఈ పార్కు దాదాపు 60,000 ఎకరాలు. గొడ్డలి పడని హెమ్లాక్, మేపుల్ చెట్ల అడవి అందులో చాలా మిగిలి ఉంది. లేక్ ఆఫ్ ద క్లౌడ్స్ చూడటానికి కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. పార్కువాళ్ళ చెక్క గదులకు కరెంటు లేదు, కుళాయి లేదు. మంచాలు, కట్టెల పొయ్యి, బయట మరుగుదొడ్డి, అంతే. సామాను మోసుకుని నడవాలి. అయినా చెప్పింది చెప్పినట్టు ఉంటుంది, ఆ మాటకు నేను డబ్బు కడతాను. ఏడాది ముందే బుకింగ్ తెరుస్తారు, వేసవి తేదీలు నిలవవు, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ప్రెస్క్ ఐల్ నది వైపు వెళ్తే గోగీబిక్ కౌంటీలో టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. పెట్రోలు మాత్రం సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకండి.