నాన్నగారి నడక మీద ఫోన్ నిఘా: ఏడాదికి పైగా వాడాక

కండ ఎంత తగ్గిందో ఫోన్ కొలవలేదు. అది కొలిచేది నడకని. అయినా పెద్దవాళ్లున్న ఇంట్లో వాడమనే చెబుతాను.

నాన్నగారు అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఆయనకి డెబ్బై దాటాయి. నా పాత ఐఫోన్ ఆయనకిచ్చి, హెల్త్ యాప్‌లో ఎత్తు, బరువు ఎక్కించి, వివరాలు నాకూ కనిపించేలా షేరింగ్ పెట్టాను. 2021లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 నుంచి ఈ షేరింగూ ఉంది, నడకలో నిలకడ ఎలా ఉందో చెప్పే సదుపాయమూ ఉంది. నిలకడ చూడాలంటే ఐఫోన్ 8 గానీ, ఆ తర్వాతది గానీ కావాలి. నడక వేగం, అడుగు పొడవుతో పాటు రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే సమయం కూడా లెక్కగడుతుంది. అది మామూలుగా 20 నుంచి 40 శాతం ఉంటుంది. కాళ్లలో బలం తగ్గినవాళ్లు ఒంటికాలి మీద బరువు మోపడానికి జంకుతారు కాబట్టి ఆ శాతం పెరుగుతుంది.

తంటా అంతా పంచెతోనే. ఫోన్ నడుము దగ్గర ఉంటేనే ఈ లెక్కలు వస్తాయి, పంచెకేమో జేబుండదు. చివరికి పొద్దుటి నడకకి లాల్చీ వేసుకోమన్నాం, దాని పక్కజేబు సరిగ్గా అక్కడికే వస్తుంది. ఎగుడుదిగుడు కాలవగట్టు మాని సిమెంటు రోడ్డు మీద నడుస్తున్నారు.

వానాకాలంలో జ్వరమొచ్చి మంచాన పడి లేచాక, అడుగుల సంఖ్య మళ్లీ ఎప్పటిలాగే అయింది గానీ వేగం మాత్రం దిగుతూ వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు, రోజూ చూసే మనిషి కదా. నిలకడ దగ్గర ‘ఓకే’ అనే ఉంది. అది వచ్చే 12 నెలల్లో పడిపోయే ముప్పుకి సంబంధించిన అంచనా, కండ సంగతి వేరు.

నాకు టెన్షన్ పట్టుకుని ఊరెళ్లాను. కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమన్నాను. నాలుగోసారికి చెయ్యి తొడ మీదకి వచ్చేసింది. "ఏం లేదమ్మాయ్, మోకాలు పట్టేసింది" అన్నారు. స్టాప్‌వాచ్‌లో 16 సెకన్లు. ఆసియా నిపుణుల 2019 మార్గదర్శకాల ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే సార్కోపీనియా, అంటే కండ క్షీణత, ఉందేమోనని చూపించుకోవాలి. టేపుతో పిక్క చుట్టుకొలత తీస్తే 34 సెంటీమీటర్ల లోపే వచ్చింది. మగవాళ్లకి అదీ అనుమానించాల్సిన కొలతే.

డాక్టరు గారు చేతి పట్టు కూడా చూసి, కాళ్లకి బలమిచ్చే వ్యాయామం, మాంసకృత్తులు పెంచమన్నారు. ఆరా తీస్తే, పళ్లు సరిగా లేక చేప ముక్క మానేసి చారన్నంతోనే కానిచ్చేస్తున్నారట! గోదావరి ఒడ్డున ఉండి! ఇప్పుడు పళ్లు కట్టించాం, గుడ్డు, ముద్దపప్పు తప్పనిసరి. వేగం గీత మెల్లగా పైకి లేస్తోంది.

అమ్మకి ఈ ఫోన్ కుదరలేదు. చీర మీద నడుం దగ్గర దోపుకోవడానికి బరువంటుంది. ఆవిడకి నెలకోసారి కుర్చీ, టేపు. ఆడవాళ్లకి పిక్క కొలత 33 సెంటీమీటర్ల లోపుంటే అనుమానించాలి.