రంగులేసి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మేయాలా?

ఇల్లు అమ్ముదామని అనుకోగానే ఇంట్లో మొదలయ్యే మొదటి గొడవ ఇదే. ఒకరేమో "లక్షో లక్షన్నరో పోతే పోనీ, రంగులేయించి చూపిద్దాం, ఐదు లక్షలు ఎక్కువ పలుకుతుంది" అంటారు. ఇంకొకరు "అమ్మేసే ఇంటికి సోకులెందుకు" అని కొట్టిపారేస్తారు. రెండేళ్ళ తేడాలో మా కుటుంబంలో రెండు అమ్మకాలు జరిగాయి. ఒకటి రాజమండ్రిలో నాన్న కట్టించిన డాబా, 200 గజాల స్థలంలో. రెండోది హైదరాబాద్ కూకట్‌పల్లిలో మా పిన్ని ఫ్లాట్, 1,150 చదరపు అడుగులు, మూడో అంతస్తు. డాబాకి రంగులేసి డబ్బు తగలేశాం. ఫ్లాట్‌కి వేయాల్సినట్టు వేయక మంచి బేరం పోగొట్టుకున్నాం. అప్పటినుంచీ ఎవరైనా ఈ మాట అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతున్నాను: కొనేవాళ్ళు మీ దగ్గర కొనేది స్థలమా, ఇల్లా?

డాబా సంగతి చెబుతాను. 1989లో కట్టింది. తమ్ముడు పట్టుబట్టి పెచ్చులూడిన చోటల్లా సిమెంటు పూయించి, లప్పం పెట్టించి, లోపలా బయటా రెండేసి కోట్లు వేయించాడు. కూలీలతో కలిపి లక్షా నలభై వేలయింది. పని పూర్తయిన వారానికి మొదటి బేరం వచ్చింది. వచ్చినాయన చెప్పులు కూడా విప్పలేదు. గేటు బయటే నిలబడి, వెంట తెచ్చుకున్న కుర్రాడితో రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలిపించాడు. ఫోనులో దిక్సూచి తెరిచి స్థలం తూర్పుకి సరిగ్గా ఉందా, తిరిగి ఉందా అని చూసుకున్నాడు. కరెంటు స్తంభం ఎక్కడుందో, మురుగు కాలువ ఎటు పారుతుందో చూశాడు. లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని అంటే, "ఇల్లెందుకులెండి, ఎలాగూ తీసేసేదేగా" అన్నాడు. ఇంకా రంగు వాసన పోని వరండాలో నిలబడి నేనూ తమ్ముడూ మొహాలు చూసుకున్నాం.

ఆ తర్వాత వచ్చిన నలుగురిదీ అదే వరస. అందరూ గజం లెక్కే అడిగారు. కట్టడానికి విడిగా పైసా లెక్క కట్టిన వాళ్ళు లేరు.

కాబట్టి ఊరు నడుమ, మంచి రోడ్డు మీద, ముప్ఫై ఏళ్ళు దాటిన ఇండిపెండెంట్ ఇల్లయితే ఉన్నదున్నట్టు అమ్మడమే మేలు. ఆ రంగుల డబ్బులో నాలుగో వంతు పెట్టినా అంతకంటే ఎక్కువ పని జరిగేది: పిచ్చి మొక్కలు కొట్టించడం, పాత సామాను ఖాళీ చేయించడం, అన్నిటికంటే ముఖ్యంగా స్థలం కొలిపించడం. దస్తావేజులో 200 గజాలని ఉంటుంది, నేల మీద 192 ఉంటుంది. ప్రహరీ కట్టినప్పుడు పక్కవాళ్ళు అడుగు ఇటు జరిపి ఉంటారు, లేదా రోడ్డుకి కొంత పోయి ఉంటుంది. గజం 30 వేలనుకుంటే ఎనిమిది గజాల తేడా రెండు లక్షల నలభై వేలు. ఆ సంగతి మనకి ముందే తెలిసుంటే ధర చెప్పేటప్పుడే సర్దుకుంటాం. బయానా పుచ్చుకున్నాక వాళ్ళ సర్వేయరు చెబితే తల దించుకుని తగ్గించాల్సి వస్తుంది. ఇంకో మాట. స్థలం కోసం కొనేవాళ్ళని వెతుకుతూ ఊరంతా తిరిగే ముందు పక్కింటి వాళ్ళని అడగండి. రెండు స్థలాలూ కలిపేసుకోవచ్చని వాళ్ళకి ఉన్న ఆశ బయటివాళ్ళకి ఉండదు.

ఫ్లాట్ లెక్క పూర్తిగా వేరు. ఫ్లాట్ కొనేవాళ్ళు అందులో కాపురం పెట్టాలి. అప్పటికే వాళ్ళు ఒకవైపు అద్దె, రేపటినుంచి బ్యాంకు కిస్తీ అని టెన్షన్‌లో ఉంటారు. పాలు పొంగించిన మర్నాడే సామాను దించుకోవాలని చూస్తారు. అలాంటి వాళ్ళకి విరిగిన కుళాయి కనిపిస్తే కుళాయి ఖరీదు గుర్తురాదు, ప్లంబరు చుట్టూ తిరగాల్సిన రోజులు గుర్తొస్తాయి. ఐదు వేల పని కనిపిస్తే యాభై వేలు తగ్గించమంటారు.

పిన్ని వాళ్ళ పడకగదిలో బాత్‌రూం వైపు గోడకి నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా చెమ్మ ఉండేది. బాబాయి అది ఎందుకొస్తోందో పట్టించుకోకుండా ఆ ఒక్క గోడకీ లప్పం రుద్దించి, రంగేయించేశారు. రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారం ఒక జంట వచ్చింది, ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇల్లు నచ్చింది, ధర కూడా దాదాపు కుదిరింది. వెళ్ళబోతూ ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఆ గోడ దగ్గర ఆగారు. అక్కడ రంగు చిన్న బుడగలా లేచి ఉంది. బొటనవేలితో నొక్కారు. బుడగ పగిలి లప్పం పొడి ఆయన చెప్పుల మీద రాలింది. ఆయన ఏమీ అనలేదు, చెయ్యి దులుపుకున్నారు. ఆ బేరం మళ్ళీ ఫోను చేయలేదు. చెమ్మ ఉందని కాదు, దాచారని.

తర్వాత బాత్‌రూంలో గోడవారగా ఉన్న టైల్స్ తీయించి, పైపు జాయింటు మార్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా నెలరోజులు ఆగి అప్పుడు ఇల్లంతా ఒక లేత రంగు ఒకే కోటు వేయించారు. మొత్తం తొంభై వేలలోపే అయింది. ఆ తర్వాత వచ్చిన మూడో బేరానికే ఇల్లు వెళ్ళిపోయింది. రంగు వల్ల ధర పెరిగిందని నేను చెప్పను. తగ్గించమని అడగడానికి సాకు దొరకలేదు, అంతే.

ఇక మూడో రకం ఆలోచన ఒకటుంది: కొత్త మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగు, హాల్లో ఖరీదైన కప్‌బోర్డులు పెట్టించి 'రెడీగా' అమ్ముదామని. ఇది అన్నిటికంటే దండగ. మీకు నచ్చిన ముదురు ఎరుపు వంటగది వాళ్ళకి నచ్చాలని లేదు. వాస్తు చూసే ఆయన వచ్చి పొయ్యి ఇటు కాదు అటు ఉండాలంటే మీ గ్రానైటు గట్టు మర్నాడే పగులుతుంది. నాలుగు లక్షలు పెట్టి రెండు లక్షలు తిరిగి రాబట్టుకోవడం వ్యాపారం కాదు.

పన్ను లెక్కలో కూడా రంగులు మనల్ని ఆదుకోవు. ఇంటి మీద లాభం లెక్కేసేటప్పుడు అదనంగా గది కట్టడం, అంతస్తు లేపడం లాంటి ఖర్చు బిల్లులుంటే అసలు ఖరీదులో కలుపుకోవచ్చు. సున్నాలు, రంగులు, చిల్లర మరమ్మతులు అందులోకి రావు. రెండేళ్ళు దాటి చేతిలో ఉన్న ఇంటిని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కి ముందు కొన్నదైతే, దేశంలో ఉండేవాళ్ళు పాత పద్ధతిలో ధరల సూచీ ప్రకారం కొన్న ఖరీదుని పెంచుకుని (ఇండెక్సేషన్) వేసే 20 శాతంతో పోల్చి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. మా డాబాలాగా 2001కి ముందటి ఆస్తయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువని అసలు ఖరీదుగా చూపించే వీలుంది, కాకపోతే ఆనాటి రిజిస్ట్రేషన్ విలువకి మించకూడదు. ఆ పాత మార్కెట్ విలువ పత్రం తీసుకోవడానికి పెట్టే ఖర్చు ఏ పెయింటు డబ్బాకన్నా లాభసాటి.

అసలు రంగులా, ఉన్నదున్నట్టా అని కొట్టుకునే ముందు కాయితాల సంగతి చూడాలి. రెండు రకాల ఇళ్ళకీ తప్పనిసరిగా డబ్బు, కాలం పెట్టాల్సింది ఇక్కడే. నాన్న వీలునామా రాయలేదు. అంటే అమ్మ, నేను, తమ్ముడు, అక్క, నలుగురం సంతకం పెట్టాలి. ఆడపిల్లకి పెళ్ళప్పుడే ఇచ్చేశాంగా అనే మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు. అక్క ఉండేది డల్లాస్‌లో. అక్కడ జీపీఏ (తన బదులు సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం) రాసి, నోటరీ చేయించి, అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించి పంపితే, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇదంతా అయ్యేసరికి రెండు నెలలు పట్టింది. బయానా తీసుకున్నాక మొదలుపెట్టి ఉంటే అగ్రిమెంటు గడువు దాటిపోయేది. ఇంకో చిక్కు. అమ్మకం 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (మనకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి కట్టాలన్నది దేశంలో ఉండేవాళ్ళ లెక్క. ఎన్నారై వాటాకి అంతకంటే చాలా ఎక్కువ కోస్తారు. తక్కువ కోయమని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

పిన్నికి ఇంకో రకం తిప్పలు. లోను తీరిపోయి ఏడాదైనా దస్తావేజులు బ్యాంకులోనే ఉండిపోయాయి. ఇప్పుడైతే అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు కాయితాలు తిరిగివ్వాలని, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున కట్టివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాయితాలు చేతికొచ్చినా ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) ఆ తనఖా ఇంకా కనిపిస్తుంటే, బ్యాంకుతో రద్దు పత్రం రిజిస్టరు చేయించుకోవాలి. ఈసీ ఇంటర్నెట్‌లో మనమే తీసి చూసుకోవచ్చు. కొనేవాళ్ళు చూడకముందు మనం చూసుకోవడం మర్యాద.

అద్దెకున్నవాళ్ళని ఉంచి అమ్మాలా, ఖాళీ చేయించాలా? ఫ్లాటయితే ఖాళీ చేయించండి. వాళ్ళ బట్టలు ఆరేసిన బాల్కనీలో తన కుర్చీ వేసుకుంటానని ఎవరూ ఊహించుకోలేరు. డాబాకైతే పెద్ద తేడా లేదు, రిజిస్ట్రేషన్ నాటికి ఖాళీ అయితే చాలు.

బ్రోకరు కావాలా, వద్దా? సొంతూరైతే గేటుకి బోర్డు కట్టి చూడండి. హైదరాబాద్‌లో మనం లేకుండా తాళం తీసి చూపించే మనిషి కావాలి కాబట్టి 1 శాతం కమిషన్ గిట్టుబాటే. కానీ ఒక్కరికే చెప్పండి. ఐదుగురికి చెబితే ఒకే ఫ్లాట్ ఐదు ధరలకి తిరుగుతుంది, కొనేవాళ్ళు అందులో తక్కువ ధర పట్టుకునే మాట్లాడతారు. "కొంత నగదు తీసుకోండి, రిజిస్ట్రేషన్ తక్కువకి చేసుకుందాం" అనే సలహా కూడా అక్కడినుంచే వస్తుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడే వీలుంది.

ఆషాఢంలోనూ మూఢంలోనూ బయానా ఇచ్చేవాళ్ళు తక్కువ. ఆ రోజుల్ని మరమ్మతులకి వాడుకోవచ్చు. కాకపోతే స్లాబు పని మాత్రం ఎండల్లోనే అయిపోవాలి. నాలుగు వానలు పడితే అది నిలిచిందో లేదో మనకే తెలిసిపోతుంది.

డాబా విషయంలో చివరికి మేం చేసిన అసలు పొరపాటు రంగులు కాదు. ఆ ఇంటికి టేకు సింహద్వారం, ఎనిమిది టేకు కిటికీలు ఉండేవి. పడగొట్టేవాళ్ళకి కలపా ఇనుమూ అంటేనే ఆశ. ఆ తలుపులు మేం తీసుకెళ్తామని అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించుకుంటే సరిపోయేది, ఎవరూ కాదనేవాళ్ళు కాదు. మాకు తోచలేదు. రిజిస్ట్రేషన్ అయిన నెలకి అమ్మ "ఆ గుమ్మం" అంది. తమ్ముడు వెళ్ళి, పడగొట్టే కాంట్రాక్టరు దగ్గర బేరమాడి, మా సింహద్వారాన్ని ముప్ఫై రెండు వేలకి మళ్ళీ కొనుక్కొచ్చాడు. దాని మీద మేం వేయించిన కొత్త పాలిష్‌కి కూడా ఆ కాంట్రాక్టరు ధర కట్టాడు.